తిరగబడ్డ కుర్రాడు - మన జాషువా

నేను ఈ హాస్టల్లో ఆరో తరగతి చదివేటప్పుడు సెప్టెంబరు 28న వక్తృత్వ పోటీ పెట్టారు. అంశం మహాకవి గుర్రం జాషువా. తెలుగు మాస్టారు రాసిచ్చిన పేజీన్నర బట్టీపట్టి ఆపకుండా చెప్పేశాను. కన్సొలేషన్ బహుమతిగా ఒక స్టీలు గ్లాసు ఇచ్చారు. అది ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఆ పేజీన్నరలో బిరుదులున్నాయి, కావ్యాల పేర్లున్నాయి, పద్మభూషణ్ ఉంది. ఒక్క సంగతి మాత్రం లేదు. చిన్నప్పుడు బళ్ళో కులం పేరు పెట్టి ఎగతాళి చేసిన పిల్లల్ని జాషువా తిరగబడి కొట్టాడన్న సంగతి.

ఆయన జీవితం గురించి రాసినవాళ్ళు ఈ విషయాన్ని ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు వెళ్ళిపోతారు. మహాకవి అయ్యాక కొట్లాటలు గుర్తు చేయడం ఎందుకనుకుంటారు కాబోలు. నేనిప్పుడు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. నెలకి ఒకటి రెండు కొట్లాటలైనా నా దాకా వస్తాయి. అందుకే వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాయమని మన సంపాదకవర్గం తమ్ముళ్ళు అడిగినప్పుడు, ఆ రెండు వాక్యాల దగ్గరే కాసేపు ఆగాలనిపించింది.

జాషువా 1895లో పుట్టారు. ఊరు వినుకొండ. అప్పట్లో గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా. తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు, తల్లి లింగమ్మ మాదిగ కులస్థురాలు. వేరు కులాలవాళ్ళు పెళ్ళి చేసుకోవడం ఈ రోజుల్లోనే ఊరి చివర పంచాయితీ దాకా వెళుతోంది. నూట పాతికేళ్ళ కిందట ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి. వాళ్ళది క్రైస్తవ కుటుంబం. పిల్లవాడికి బైబిల్లోని పేరు పెట్టారు. పచ్చని పొలాల మధ్య, కొండ నీడన, బళ్ళో చేరేదాకా ఆ పిల్లవాడికి తన కులమేమిటో తెలియవలసిన అవసరం రాలేదు. ఆ పాఠం బళ్ళోనే మొదలయింది.

మొదలుపెట్టింది తోటి పిల్లలొక్కరే కాదు. ఉపాధ్యాయులు కూడా ఆ చిన్నచూపులో భాగస్థులే. ఇది చాలా ముఖ్యమైన విషయం. బెంచీ మీద పక్కవాడు వెక్కిరిస్తే మాస్టారుకి చెప్పుకోవచ్చు. మాస్టారి కళ్ళలోనే ఆ వెక్కిరింత కనిపిస్తే పదేళ్ళ పిల్లవాడు ఎవరికి చెప్పుకోవాలి? ఇంటికి వెళ్ళి తల్లికి చెబితే ఆమె మాత్రం ఏం చేస్తుంది? అవతల ఏ పేరుతో తిడుతున్నారో అది ఆమె పుట్టుకే. ఇక మిగిలిన దారులు రెండు. తల వంచుకుని దిగమింగడం, లేదా చెయ్యెత్తడం. జాషువా చెయ్యెత్తాడు.

జాషువా కన్నా నాలుగేళ్ళ ముందు పుట్టిన అంబేద్కర్ గారు కూడా దాదాపు ఆ రోజుల్లోనే సతారాలో గోనెపట్టా మీద కూర్చుని చదువుకున్నారు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో లెక్క చేయడానికి నల్లబల్ల దగ్గరికి పిలిస్తే, ఆ బల్ల వెనక పెట్టుకున్న టిఫిన్ డబ్బాలు మైలపడతాయని పిల్లలు పరుగెత్తి తీసేసుకున్నారు. ఆ పిల్లలు ఎవరినీ కొట్టలేదు. నోరెత్తి తిట్టను కూడా లేదు. డబ్బాలు తీసుకున్నారు, అంతే. దాని మీద ఏ హెడ్మాస్టరు దగ్గర ఫిర్యాదు చేయాలి? ఏమని చేయాలి?

ఏడిపించడంలో ఉన్న కిటుకే అది. అది చిన్నచిన్న ముక్కలుగా జరుగుతుంది. ప్రతి ముక్కా విడిగా చూస్తే చాలా చిన్నది. ఒక మాట, ఒక నవ్వు, వంట్లోంచి వాసన వస్తోందన్నట్టు ముక్కు మూసుకోవడం, నోటుపుస్తకం దాచెయ్యడం. మాస్టారు బోర్డు వైపు తిరిగినప్పుడే జరుగుతుంది. తిరిగి కొట్టడం మాత్రం ఒక్కసారే జరుగుతుంది, చప్పుడవుతుంది, నెత్తురొస్తుంది, అందరూ చూస్తారు. అందుకని బడి లెక్కల్లోకి రెండో దెబ్బే ఎక్కుతుంది. మొదటిది ఎక్కదు.

ఇక్కడ మన హాస్టల్ సంగతి ఒకటి చెప్పాలి. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా రూములో ఒక కుర్రాడుండేవాడు. పేరు రాయను. మంచి ఆటగాడు, కబడ్డీలో కూతకి వెళితే ఉత్త చేతుల్తో వచ్చేవాడు కాదు. బళ్ళో మన హాస్టల్ పిల్లల్ని ఏమని పిలిచేవాళ్ళో పాత విద్యార్థులకి చెప్పక్కర్లేదు. దొడ్డుబియ్యం గాళ్ళు, పురుగులన్నం బ్యాచి, ఇంకా ఇక్కడ అచ్చు వేయకూడనివి. మా వాడిని ఒక ఊరి పెద్దమనిషి కొడుకు జూన్ నుంచి పట్టుకున్నాడు. రోజూ ప్రేయరు నుంచి లాంగ్ బెల్ దాకా ఏదో ఒకటి. హాస్టల్లో ఇచ్చిన యూనిఫారం కుట్టు చూసి ఒకరోజు, తలకి రాసుకున్న నూనె చూసి ఒకరోజు, వాళ్ళమ్మ కూలికి వచ్చే పొలం తమదేనని ఒకరోజు. సెప్టెంబరులో త్రైమాసిక పరీక్షల ముందు మా వాడు జామెట్రీ బాక్సు తీసి మొహం మీద కొట్టాడు. కనుబొమ్మ చిట్లి మూడు కుట్లు పడ్డాయి.

విచారణ పది నిమిషాల్లో అయిపోయింది. ఎవరు కొట్టారు అన్న ప్రశ్న ఒక్కటే అడిగారు. జవాబు అందరికీ తెలుసు. సాయంత్రానికల్లా టీసీ రాసిచ్చారు. వాళ్ళ నాన్న వచ్చి ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని ముందు నడిచాడు, వెనకాల వీడు. మన కామాటి మామ గేటు దాకా వెళ్ళి, చేతిలో రెండు అరటిపళ్ళు పెట్టి వచ్చాడు. హాజరుపట్టీలో వాడి పేరు మీద ఎర్రసిరా గీత పడింది. కుట్లు పడిన కుర్రాడు పదిరోజుల్లో బడికి వచ్చాడు. అతనికి కూడా ఎవరూ ఏమీ చెప్పలేదు. అలాంటివి అనకూడదని గానీ, అన్నావు గనకే ఇలా జరిగిందని గానీ. అంటే ఆ బడి ఇద్దరు పిల్లల్లో ఎవరికీ ఏమీ నేర్పలేదు.

జాషువాకీ ఇలాంటి ఎర్రగీత పడి ఉంటే తెలుగుకి గబ్బిలం కావ్యం లేదు. పడకుండా కాపాడింది ఏమిటని చాలాసార్లు ఆలోచించాను. పిడికిలి మాత్రం కాదు. పిడికిలి ఆ పూటకి మాత్రమే పనికొస్తుంది. రేపు ఇంకో పదిమంది వస్తారు. ఆయన చుట్టూ ఇద్దరు మనుషులు కనబడతారు.

ఒకరు స్నేహితుడు. దీపాల పిచ్చయ్యశాస్త్రి. తరువాతి కాలంలో ఆయనా కవిగా పేరు తెచ్చుకున్నారు. జాషువాకి చిన్నప్పటి నుంచి బొమ్మలు గీయడం, పాటలు పాడడం ఇష్టం. పిచ్చయ్యశాస్త్రి సావాసంతో అది పద్యం మీదికి మళ్ళింది. ఇద్దరూ కలిసి జంటకవులుగా రాయాలని కూడా ఒక దశలో అనుకున్నారట. రెండు పేర్లూ ఎటు కలిపినా పొత్తు కుదరక మానుకున్నారని చెప్పుకుంటారు. ఆ రోజుల్లో ఇలాంటి జంట పేరు అనుకోవడమే ఎంత పెద్ద సంగతో గమనించండి. ఊరంతా దూరం జరిగినవాడి పక్కన ఒకడు వచ్చి కూర్చున్నాడు.

రెండోవారు గురువు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారు. ఆయన దగ్గర జాషువా మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. కాళిదాసు కావ్యాలు మూడూ. సంస్కృతం ఎవరు వినాలో ఎవరు వినకూడదో శాస్త్రాలు చెప్పే కాలంలో, ఒక పండితుడు ఈ కుర్రవాడికి పాఠం చెప్పాడు. జాలిపడి ఓదార్చి పంపలేదు, బుద్ధిగా ఉండమని సుద్దులు చెప్పి ఊరుకోనూ లేదు. వాడికి కావలసిన వస్తువు చేతిలో పెట్టాడు. ఆ మేఘసందేశం ఏమయిందో కాసేపట్లో చెబుతాను.

అవమానాలు ఆగాయనుకుంటే పొరపాటు. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో జాషువా తన పద్యాలు చదివితే, ఇతన్ని సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. మరోవైపు, పురాణాలు చదువుతున్నాడనీ హిందూ దేవుళ్ళ మీద పద్యాలు రాస్తున్నాడనీ క్రైస్తవ మతపెద్దలు ఆ కుటుంబాన్ని వెలివేశారు. అటు గుడివాళ్ళకి పనికిరాడు, ఇటు చర్చివాళ్ళకి పనికిరాడు. ఈసారి ఆయన ఎవరినీ కొట్టలేదు. పద్యం రాశారు.

బతుకుతెరువు మాట త్వరగా చెప్పేస్తాను. 1910లో మేరీ గారితో పెళ్ళయింది. మిషన్ బళ్ళో నెలకి మూడు రూపాయల జీతంతో పంతులు పని. అది పోయింది. 1915-16లో రాజమండ్రిలో సినిమా వాచకుడి పని. అప్పటివి మూకీ సినిమాలు కనుక తెర మీద బొమ్మ ఆడుతుంటే పక్కన నిలబడి కథ, సంభాషణలు చదివి వినిపించాలి. తరువాత గుంటూరులో లూథరన్ చర్చి వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్ళు, 1928 నుంచి 1942 వరకు గుంటూరులోనే ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఉభయభాషాప్రవీణ పాసయ్యారు. 1957 నుంచి 59 వరకు మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాత. బళ్ళో వెక్కిరింపులు పడ్డ కుర్రాడు ఇరవై నాలుగేళ్ళు బళ్ళలోనే నిలబడి పాఠాలు చెప్పాడన్నమాట. మనలో టీచర్లయిన వాళ్ళం కాసేపు ఆగి తలుచుకోవలసిన లెక్క ఇది.

ఆయన రాసినవాటిలో మనవాళ్ళకి ఎక్కువగా తెలిసినవి శ్మశానవాటి పద్యాలు. హరిశ్చంద్ర నాటకం వేస్తే కాటి సీనులో అవి పాడకుండా జనం ఒప్పుకోరు. రాజూ కూలీ ఒకే మట్టిలో పడుకునే ఆ చోటు ఈ కవినే ఎందుకంత పట్టుకుందో వేరే చెప్పక్కర్లేదు. 1932లో ఫిరదౌసి వచ్చింది. పారశీక కవి ఫిరదౌసికి సుల్తాను బంగారు నాణేలు ఇస్తానని మాటిచ్చి వెండి నాణేలు పంపిన కథ. మాట తప్పిన పెద్దవాడి ముందు నిలబడ్డ చిన్నవాడి కోపం అందులో ఉంది. ఎక్కడో పరాయిదేశపు ముసలి కవి కథే గానీ, చదువుతుంటే వినుకొండ బడి గుర్తుకొస్తుంది నాకు.

ఇక మేఘసందేశం. కాళిదాసు కథలో ఇల్లాలికి దూరమైన యక్షుడు మేఘంతో కబురు పంపుతాడు. 1941లో జాషువా అదే పద్ధతి తీసుకుని గబ్బిలం రాశారు. ఇందులో కబురు పంపేవాడు యక్షుడు కాదు, అంటరానివాడు. కబురు ప్రియురాలికి కాదు, శివుడికి. తన ఆకలి గురించి, తనని మనిషిగా చూడని లోకం గురించి. మోసుకెళ్ళేది మేఘం కాదు, గబ్బిలం. ఇంట్లోకి వస్తే అపశకునం అని తరిమే ప్రాణి. మనిషిని గడప దాటనివ్వని గుడిలో అది మాత్రం తలకిందులుగా వేలాడుతూ దేవుడి చెవి దగ్గరే ఉంటుంది, పూజారి ఏమీ అనడు. వినుకొండ బళ్ళో ఎత్తిన చెయ్యి నలభై ఏళ్ళ తరువాత ఇలా దిగింది. హనుమచ్ఛాస్త్రి గారు ఆనాడు చెప్పిన పాఠం లేకపోతే ఈ దెబ్బకి ఆకారమే లేదు.

పేదరికం, కులమత భేదం, ఈ రెండూ తనకి గురువులని జాషువా చెప్పుకున్నారు. ఒకటి ఓర్చుకోవడం నేర్పిందట, రెండోది ఎదిరించడం నేర్పిందట. తన కవిత్వం కత్తే గానీ దానికి పగ సంఘం నడిచే తీరు మీదే తప్ప సంఘం మీద కాదని కూడా అన్నారు. ఆ తేడా ఏ పదేళ్ళ పిల్లవాడికీ తనంతట తనకి తెలియదు. వాడికి ఎదురుగా కనిపించేది వెక్కిరించిన మొహం ఒక్కటే.

సన్మానాలు తరువాత చాలా వచ్చాయి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు జాషువా కాలికి స్వయంగా గండపెండేరం తొడిగారు. పాదం ముట్టుకోవాలంటే వంగాలి కదా. సభ నుంచి లేచి పొమ్మన్న ఊళ్ళనీ, పండితులు ఆయన కాలి దగ్గర వంగిన సభనీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు మిగతా బిరుదులేవీ గుర్తుండవు. 1964లో క్రీస్తు చరిత్రకి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, అదే సంవత్సరం శాసనమండలి సభ్యత్వం, 1970లో కళాప్రపూర్ణ, పద్మభూషణ్. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశారు.

ఇప్పుడు నా బడి మాట. కొట్లాట వస్తే మా స్టాఫ్‌రూములో రెండు రకాల తీర్పులుంటాయి. ఒకటి, ఇద్దరికీ చెరో రెండు తగిలించి చేతులు కలపండిరా అనడం. ఇద్దరినీ సమానంగా చూశామని మనకి తృప్తి. మూడునెలలు మాటలు పడ్డవాడికి మాత్రం అది నాలుగో నెల. రెండోది, దెబ్బలు తిన్నవాడి తల్లిదండ్రులు గట్టివాళ్ళయితే కొట్టినవాడిని పంపించెయ్యడం. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా హింసించడాన్నీ 17వ సెక్షన్లో నిషేధించింది. బెత్తాలు చాలావరకు మాయమయ్యాయి. వినడం మాత్రం చట్టంతో వచ్చేది కాదు.

నేను చేసేది పెద్ద గొప్పేమీ కాదు. ఎవరు కొట్టారన్న ప్రశ్న ఆఖరున అడుగుతాను. ముందు ఎన్ని రోజుల నుంచి అని అడుగుతాను. ఇద్దరినీ విడివిడిగా అడుగుతాను, ఎదురెదురుగా నిలబెట్టి కాదు. చుట్టూ ఉన్న పిల్లల్ని అడుగుతాను, ఎందుకంటే చూసినవాళ్ళు ఎప్పుడూ పదిమంది ఉంటారు. కొట్టడం తప్పేనని కొట్టినవాడికి చెబుతాను, కానీ ఆ మాట మొదటి తప్పు పేరు పెట్టి బయటికి చెప్పాక చెబుతాను. ఆ వరస తారుమారైతే వాడు ఇక నా మాట వినడు. చోటు మార్చవలసి వస్తే ఏడిపించినవాడినే మారుస్తాను. కొన్నిసార్లు కుదురుతుంది, కొన్నిసార్లు కుదరదు. ఒకసారి రెండు నెలలు తిరిగినా నాకు అంతు చిక్కలేదు.

తమ్ముళ్ళూ, బయటివాళ్ళ సంగతి చెప్పి మన సంగతి చెప్పకపోతే అన్యాయం. పదో తరగతి వాళ్ళ బట్టలు ఆరో తరగతి వాళ్ళు ఉతికింది ఈ హాస్టల్లోనే. పెద్దవాళ్ళ ప్లేట్లు నేను కడిగాను, పదోతరగతికి వచ్చాక నా ప్లేటు ఇంకొకడి చేత కడిగించాను. అది మర్యాద అనుకున్నాం. ర్యాగింగ్ నిషేధ చట్టం మన రాష్ట్రంలో 1997లో వచ్చింది. మా రోజుల్లో దాని పేరు కూడా వినలేదు. ఒక చిన్నవాడు ఒకరోజు ప్లేటు నా కాళ్ళ మీద విసిరేస్తే, పొగరుబోతని వార్డెన్ గారికి నేనే ఫిర్యాదు చేశాను. నేనూ రెండో దెబ్బే లెక్కపెట్టాను.

జాషువా గారి కూతురు హేమలతా లవణం గారి గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. 1960లో గోరా గారి కుమారుడు లవణం గారిని పెళ్ళి చేసుకున్నారు. తండ్రి గురించి మా నాన్నగారు అనే పుస్తకం రాశారు. 1970ల్లో ఆ దంపతులు బాపట్ల దగ్గరి స్టువర్టుపురం వెళ్ళారు. 1871లో తెల్లదొరలు ఒక చట్టం చేసి కొన్ని తెగలవాళ్ళని పుట్టుకతోనే నేరస్థులన్నారు. 1913లో అలాంటి కుటుంబాలని ఒకచోట చేర్చి పెట్టిన ఊరు అది. చట్టం 1952లో పోయింది, పేరు పోలేదు. ఇంకా ఏ తప్పూ చేయని పిల్లవాడిని కూడా దొంగ అని పిలిచే లోకం మధ్య, హేమలత గారు ఆ ఇళ్ళకి వెళ్ళి కూర్చుని వాళ్ళు చెప్పింది విన్నారు. తరువాత నిజామాబాదు జిల్లాలో జోగినుల కోసం పనిచేశారు. 2008లో చనిపోయారు. తండ్రి బళ్ళో ఏం జరిగిందో ఆమెకి బాగా తెలుసనుకుంటాను.

మా రూములో ఉండి టీసీ తీసుకుని వెళ్ళిపోయిన కుర్రాడు తరువాత బేల్దారి పనికి వెళ్ళాడని, ఆ తరువాత హైదరాబాదు వెళ్ళాడని విన్నాను. పాత విద్యార్థుల జాబితాలో వాడి పేరు లేదు, ఎందుకంటే పదో తరగతి పూర్తి చేసినవాళ్ళ పేర్లే అందులో రాస్తారు. ఈ ఏడాది సమావేశానికి వాడిని కూడా పిలవమని కమిటీకి ఉత్తరం రాశాను. ఈ సంచిక ఎవరి ద్వారానైనా వాడి చేతికి చేరితే ఒక్క మాట. ఒరేయ్, జూన్ నుంచి సెప్టెంబరు దాకా జరిగిందంతా నేను చూశాను. వెనక బెంచీలో నేనే ఉన్నాను. ఆ రోజు హెడ్మాస్టరు గారి గది బయట నన్ను కూడా నిలబెట్టారు. లోపలికి పిలిచి ఎవరు కొట్టారని అడిగితే నీ పేరు చెప్పాను. దానికి ముందు జరిగింది చెప్పలేదు.